తినడానికి పనికిరాని మొక్క

మసూయే గారి దృష్టిలో ఈ భూమ్మీద మొక్కలు రెండే రకాలు: ఉడకబెట్టుకోగలిగినవి, ఉడకబెట్టుకోలేనివి. రెండో రకాన్ని దేవుడు ఏదో పరధ్యానంలో ఉండగా చేసి ఉంటాడని ఆవిడ నమ్మకం. ఎక్కడ ఏ మొక్క కనపడినా సరే, నడుం మీద చేతులు పెట్టుకుని దాన్ని పైనుంచి కిందిదాకా ఓసారి చూస్తుంది. ఆ తర్వాత ఒకే ఒక్క ప్రశ్న వేస్తుంది.

“ఇది తినొచ్చా?”

తినకూడదని చెబితే, ఆ మొక్కని కాదు, దాన్ని పెంచినవాడిని జాలిగా చూస్తుంది.

ఏటా వసంతంలో మా వీధివాళ్లందరం కలిసి చెర్రీపూలు చూడటానికి ఓడరేవు పైనున్న పార్కుకి వెళ్తాం. చాపలు పరుచుకుని, డబ్బాల్లో తెచ్చుకున్న అన్నం ముందు పెట్టుకుని, తలలు పైకెత్తి “ఆహా” అంటాం. మసూయే గారు కూడా తల పైకెత్తుతుంది. రెండు నిమిషాలు చూసి, “ఆకులు ఇంకా రాలేదేం? వస్తే ఉప్పులో ఊరేసుకోవచ్చు” అంటుంది. ఒక ఏడాది మా వీధి సంఘం అధ్యక్షుడు ఇగుచి గారు రాలుతున్న పూలమీద తాను రాసిన మూడు పంక్తుల కవిత చదివి, గొంతు బొంగురుపోయి ఆగిపోయాడు. మేమందరం తలలు వంచుకున్నాం. మసూయే గారు మాత్రం ఆయన వీపు మీద చెయ్యి వేసి, “ఊరుకోండి, ఊరుకోండి. పూలు పోతేనేగా ఆకులొచ్చేది” అని ఓదార్చింది.

నాకు పిత్తాశయం తీసేసినప్పుడు ఆసుపత్రికి వచ్చినవాళ్లందరూ పూలు తెచ్చారు. ఆవిడ కొమాత్సునా కట్ట తెచ్చింది. కొమాత్సునా అంటే ఆవకూరకి దగ్గరి చుట్టం. చలికి జంకదు, కోసినకొద్దీ వస్తుంది, మా ఇళ్లలో సోయా ముద్దతో కాచే మిసో చారులోకి రోజూ వాడేదే. దానికి ఎర్ర రిబ్బను కూడా కట్టింది. కొత్తగా చేరిన నర్సు అదేదో ఖరీదైన పూలగుత్తి అనుకుని గాజు కుండీలో నీళ్లు పోసి పెట్టింది. నాలుగో రోజుకి పూలన్నీ తలలు వేలాడేశాయి. కొమాత్సునా మాత్రం నిటారుగా నిలబడి, వచ్చిన ప్రతి డాక్టరునీ పలకరిస్తున్నట్టు ఉంది.

కురే పట్నంలో కొండవాలున మెట్లు మెట్లుగా ఉన్న వీధి మాది. మొత్తం పధ్నాలుగు ఇళ్లు. ప్రతి ఇంటి ముందూ రెండు చాపలు పట్టేంత మట్టినేల ఉంటుంది. వీధి కట్టినప్పుడే ఆ నేలలో అందమైన పొదలు పెంచుకోవాలని పెద్దలు ఒప్పందం రాసుకున్నారు. అందుకని ఏ ఇంటి ముందు చూసినా అజేలియా పొదలే. అందరిలోకీ ఇగుచి గారి పొదలు మేటి. ఆయన బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరయ్యాడు. అప్పుడు కింది ఉద్యోగుల్ని ఎలా చూసేవాడో తెలీదు కానీ, ఇప్పుడు ఒక్క రెమ్మ అంగుళం పైకి లేచినా ఓర్చుకోలేడు. ఆయన కత్తిరించిన అజేలియాలు ఆవిరి మీద ఉడికిన బన్నుల్లా గుండ్రంగా, నున్నగా ఉంటాయి.

ఒకరోజు ఆ పొదల ముందు మసూయే గారు ఆగింది.

“ఎన్నేళ్లనుంచి పెంచుతున్నారు?”

“ఇరవై మూడేళ్లండీ,” అన్నాడాయన, మెప్పు కోసం ఛాతీ విప్పుకుని.

“పాపం, ఇంకా కోతకి రాలేదా?”

“అజేలియా తినకూడదండీ! విషం!”

“విషాన్ని ఇరవై మూడేళ్లు పెంచారా?” అని, ఆయన్ని పైనుంచి కిందిదాకా ఓసారి చూసి, మెట్లు దిగిపోయింది. ఆ మాటకి ఇగుచి గారు మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదని వాళ్లావిడ మా ఆవిడతో చెప్పింది.

మసూయే గారి ఇంటి ముందు కూడా ఒకప్పుడు అజేలియాలే ఉండేవి, వాళ్లాయన నాటినవి. ఆయన పోయిన చాలా ఏళ్లదాకా ఆవిడ వాటికి నీళ్లు పోస్తూనే ఉంది. పదకొండేళ్ల కిందట, మే నెలలో, అవి ఆకు కనపడకుండా విరగబూసి ఉండగా, ఒక ఉదయం గునపం తెచ్చి అన్నింటినీ పెకలించి పారేసింది. ఆ జాగాలో కొమాత్సునా చల్లింది. గట్టు పక్కన తినే చామంతి ఆకు వేసింది. ఇగుచి గారు ఒప్పందం కాగితం పట్టుకుని పరిగెత్తుకెళ్లాడు. ఆవిడ కాగితాన్ని వెలుతురుకి ఎత్తి చూసి అడిగిన ప్రశ్న మీరు ఊహించగలరు.

అక్కడితో ఆగి ఉంటే ఒక వింత మనిషి అని నవ్వుకుని ఊరుకునేవాళ్లం. కానీ రెండు చాపల నేలలో కొమాత్సునా చల్లితే ఒక్క ప్రాణికి ఎంత కావాలి? మిగిలిందంతా మా గుమ్మాలకి వచ్చేది. వారానికోసారి పొద్దున్నే లేచి చూస్తే తలుపు పిడికి సంచీ వేలాడుతూ ఉండేది.

“మళ్లీ వచ్చిందండీ,” అనేది మా ఆవిడ నాత్సుయే, టెలిగ్రామ్ వచ్చినట్టు.

“ఏమొచ్చింది?”

“ఆకు.”

ఆకు వచ్చిందంటే ఇంట్లో కూర ఖర్చు తగ్గిందని వేరే చోట సంతోషిస్తారేమో. మా దగ్గర పుచ్చుకున్నదానికి తిరుగు కానుక ఇవ్వకపోతే మొహం చెల్లదు. ఖాళీ సంచీ తిరిగిచ్చేవాడు మా వీధిలో ఇంతవరకు పుట్టలేదు. అందుకని నాత్సుయే కొండ దిగి, రెండు బస్సులు మారి, ఎర్ర చిక్కుళ్ల హల్వా కొనుక్కొచ్చేది. అది ఇచ్చి, వంగి దణ్ణం పెట్టి, హమ్మయ్య అనుకుంటూ ఇంటికి వచ్చేసరికి కొమాత్సునా తోటలో వచ్చేవారం ఆకు చెవులు నిక్కించుకుని ఉండేది.

తప్పించుకోవడానికి మేం చెయ్యని ప్రయత్నం లేదు. ఒకసారి ఆవిడ అడుగుల చప్పుడు విని టీవీ కట్టేసి, భార్యాభర్తలం ఇద్దరం వంటింట్లో నేలమీద బోర్లా పడుకున్నాం. ఆవిడ ఉత్తరాల సందులోంచి పలికింది.

“ఎవరూ లేరా? సరే, లేరుగా, పిడికి తగిలించి పోతున్నా. నాత్సుయే గారూ, నేల చల్లగా ఉంటుంది, మోకాళ్లు పట్టేస్తాయి, లేవండి.”

తిరుగు కానుక తీసుకోవడంలోనూ ఆవిడకి విపరీతమైన పట్టింపులు. పొద్దున ఆకు ఇస్తే సాయంత్రానికల్లా కానుక పట్టుకెళ్తే పుచ్చుకోదు. “అంత తొందరేం నాయనా, రేపో ఎల్లుండో తీసుకురండి” అని వెనక్కి పంపేస్తుంది. పోనీ అని ఒకసారి నేను దుకాణం వాళ్లచేత నేరుగా పార్సిలు పంపించాను. గంటలో ఆవిడ ఆ పెట్టె చంకన పెట్టుకుని మా గుమ్మంలో నిలబడింది.

“కాజితాని గారూ, మీరు రాకుండా అట్టపెట్టెని పంపించారేం? దీన్ని నేనేం చేసుకోను? అట్టపెట్టె తినొచ్చా?”

“లోపల హల్వా ఉందండీ.”

“హల్వా సంగతి సరే, మీ కాలికేమైంది?”

“ఏం కాలేదే!”

“ఏదీ, నాలుగడుగులు నడవండి చూస్తా.”

నడిచాను. ఏం చేస్తాను? అరవై ఆరేళ్ల మనిషిని, మున్సిపాలిటీ నీళ్ల సరఫరా ఆఫీసులో ముప్ఫై ఏడేళ్లు పనిచేసినవాణ్ని, మా ఇంటి వసారాలో అటూ ఇటూ నడిచి చూపించాను. ఎప్పుడు వెళ్లినా ఇదే తంతు. మనం రెండు చేతులా అందించిన కానుక వంక చూడనే చూడదు. మనల్నే పైనుంచి కిందిదాకా చూస్తుంది. నిద్ర పడుతోందా, మెట్లు ఎక్కితే ఆయాసం వస్తోందా, ఆ మెడ మీద మచ్చ ఎప్పుడు లేచింది అని ఆరా తీస్తుంది. నన్ను కూడా ఉడకబెట్టొచ్చా అని ఆలోచిస్తోందేమో అనిపించేది.

ఈ ఇచ్చిపుచ్చుకోవడాలు వీధంతా పాకాయి. ఒకసారి మేం మసూయే గారికి సముద్రపు నాచు రేకుల డబ్బా ఇచ్చాం. దుకాణం మెట్ల మీద నా చేతిలోంచి జారి దాని మూలకి సొట్ట పడింది. ఆ సొట్ట కనపడకుండా కాగితం చుట్టించాను. ఏడెనిమిది నెలల తర్వాత ఇగుచి గారు కొత్త సంవత్సరం కానుకగా మాకో డబ్బా తెచ్చిచ్చాడు. కాగితం విప్పితే అదే సొట్ట. మధ్యలో ఎన్ని ఇళ్లు తిరిగిందో తెలీదు. నాత్సుయే ఆ సొట్టని వేలితో తడిమి, కొత్త కాగితం చుట్టి, మసూయే గారికే పట్టుకెళ్లి ఇచ్చింది.

వీధి చివర మిజోబే గారి ఇల్లుంది. ఓడల కార్ఖానాలో లేతు యంత్రం మీద పనిచేసిన మనిషి, భార్య లేదు. ఎవరితోనూ మాట్లాడడు. పేపరు తెప్పించుకోడు, తలుపు కొడితే పలకడు. ఇంటి చుట్టూ మనిషి ఎత్తున దట్టమైన కమేలియా కంచె. లోపల పిల్లి కదిలినా బయటికి తెలీదు. ఆ కంచెకి మా సంఘం రెండుసార్లు ‘ఉత్తమ పచ్చదనం’ ప్రశంసాపత్రం ఇచ్చింది. ఇగుచి గారు దాన్ని గుమ్మం సందులోంచి లోపలికి తోసి రావాల్సి వచ్చింది. అలాంటి మిజోబే గారు కూడా మసూయే గారి ఆకు అందిన మర్నాడు, ఠంచనుగా పది గంటలకి, సంచీనిండా కమలాలు పట్టుకుని మెట్లెక్కేవాడు. “ఇదిగో” అనేవాడు. వంగేవాడు. దిగిపోయేవాడు. పదకొండేళ్లలో ఆయన నోట రెండో మాట విన్నవాళ్లు లేరు.

కిందటి శరదృతువులో పట్నం పాలకులు ఒక పథకం పెట్టారు. ఒక వీధిలో అన్ని ఇళ్లవాళ్లూ ఒప్పుకుంటే ఇంటింటికీ పది అజేలియా పొదలు ఉచితంగా ఇస్తారట. నాటడానికి మనుషుల్ని కూడా వాళ్లే పంపిస్తారట. ఒక్క ఇల్లు కాదన్నా వీధి మొత్తానికి లేదు. ఇగుచి గారికి కాళ్లు నేలమీద నిలవలేదు. సమావేశం పెట్టాడు. ఆ ఏడాది వంతు ప్రకారం సంఘం కార్యదర్శి పని నా నెత్తిన పడింది కాబట్టి నేనే టీలు పోసి, అందరూ చెప్పింది రాసుకున్నాను.

అందరూ అందం గురించే మాట్లాడారు. కొండ మీదినుంచి చూస్తే వీధి ఎలా కనపడాలి, రంగు రంగుకీ ఎలా కలవాలి అని గంటసేపు చర్చించారు. పదమూడు ఇళ్లవాళ్ల మనసులో ఉన్నది ఒకటే అని నాకు తెలుసు, నా మనసులోనూ అదే కాబట్టి. మసూయే గారి వాకిట్లో పొదలు లేస్తే ఇక ఆకు రాదు. ఆకు రాకపోతే హల్వా కొననక్కర్లేదు.

మూల కూర్చున్న మసూయే గారు చెయ్యెత్తింది. “ఆ పొదలు...”

“తినకూడదండీ!” అన్నారు వచ్చినవాళ్లందరూ ఒక్కసారిగా.

“అందం అనేది కూడా ఒకటుంటుందండీ మసూయే గారూ,” అన్నాడు ఇగుచి గారు, వీలైనంత మెత్తగా.

“ఉంటుంది, ఉంటుంది. ఎంతసేపు ఉడకాలి?”

మా దగ్గర సంతకానికి బదులు పేరు చెక్కిన ముద్ర వేస్తాం; ఆ పూట ఒప్పుకోలు కాగితం మీద ఆవిడ ముద్ర వెయ్యలేదు. మర్నాడు కాగితం ఇచ్చి నన్ను పంపించారు. వెళ్లేసరికి ఆవిడ వంగి కలుపు తీస్తోంది. నేను తయారు చేసుకెళ్లిన వాదనలన్నీ వినిపించాను. డెబ్బై ఎనిమిదేళ్ల వయసులో ఈ వంగడాలు ఎందుకు, పొదలైతే నీళ్లు పోస్తే చాలు, అందరూ ఒక మాట మీద ఉంటే వీధికి మంచిది అన్నాను. ఆవిడ ఎదురు చెప్పలేదు. చేతి మట్టి దులుపుకుని గట్టు మీద కూర్చుంది.

“నాయనా, పొదలు పెట్టేస్తే ఇక నేను మీ ఇంటికి ఏం పనిమీద రాను?”

“పనేముందండీ, ఊరికే రండి.”

“ఊరికే వస్తే తలుపు తీస్తారా?”

వంటింటి నేల గుర్తొచ్చింది.

ఆవిడ లోపలికి వెళ్లి ముద్ర తెచ్చింది. అందరి ముద్రలూ గళ్లలో బుద్ధిగా ఉన్నాయి. ఆవిడది గీత దాటి పక్కకి ఒరిగింది. “పదమూడు మంది కావాలన్నదాన్ని నేనొక్కదాన్నీ అడ్డుకోకూడదు. బుధవారం ఆఖరి కోత. ఆదివారం పెరికేస్తాను,” అంది. ఆ ముఖంలో కోపం ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. ఏదో కాపలా ఉద్యోగంలోంచి తీసేసినట్టు ఉంది. గెలిచినవాడిలా మెట్లు దిగాల్సింది పోయి, ఏదో ఎత్తుకుపోతున్నవాడిలా దిగాను.

బుధవారం ఉదయం పదమూడు గుమ్మాలకీ సంచీలు వేలాడాయి. ఈసారి సంచీకి రెండు కట్టలు. వీధిలో పండగ వాతావరణం వచ్చింది. ఇదే ఆఖరిసారి అన్న సంతోషంలో అందరికీ చెయ్యి పెద్దదైంది. గురువారం పొద్దున్నుంచీ ఆవిడ గుమ్మం ముందు వరస కట్టారు. మేం కేకు పెట్టె ఇచ్చాం. ఇగుచి గారు టీ పొడి డబ్బా ఇచ్చాడు, పట్టుగుడ్డలో కట్టి మరీ.

మధ్యాహ్నం రెండింటికి మసూయే గారు మా ఇంటికి వచ్చింది. చేతిలో సంచీ లేదు. సంచీ లేకుండా ఆవిడని చూడటం అదే మొదలు.

“మిజోబే గారు రాలేదు,” అంది.

“వస్తాడు లెండి.”

“పదింటికి రావాలి. పదకొండేళ్లలో పది దాటలేదు.”

“ఆఖరిసారి కదా, ఇక ఎందుకులే అని మానేసి ఉంటాడండీ.”

“వెళ్లి కంచె బయటినుంచి పిలిచాను. పలకలేదు.”

“ఆయన ఎప్పుడు పలికాడని?” అని నవ్వాను. ఆవిడ నవ్వలేదు. వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. నేను లోపలికి వచ్చి, ఇంత మనిషి నాలుగు కమలాల కోసం ఎంత ఆరాటపడుతోందో చూశావా అని నాత్సుయేతో అన్నాను కూడా. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

శుక్రవారం ఉదయం ఆరింటికల్లా మసూయే గారు మా తలుపు దబదబా బాదింది. ఆకు కోసే కొడవలి చేతిలో ఉంది. “రండి,” అంది. ఆ చేతిలో కొడవలి ఉండగా ఎందుకు అని ఎవడు అడుగుతాడు? చెప్పులేసుకుని వెనకాల నడిచాను. మిజోబే గారి కమేలియా కంచె ముందు ఆగి గేటు నెట్టాం. పిలిచాం. జవాబు లేదు. పక్కకి జరిపే తలుపు కదా అని చెయ్యి వేసి తోస్తే సులువుగా జరిగింది. గడియ తీసే ఉంది.

మిజోబే గారు గుమ్మంలోని మెట్టు కింద, ఒక కాలికి బూటుతో, గోడకి ఆనుకుని పడి ఉన్నాడు. గడియ తీసి, బూట్లు వేసుకుంటూ లేవబోయి జారాడట. గురువారం పదింటికి పది నిమిషాల ముందు. తుంటి విరిగి అంగుళం కదల్లేకపోయాడు. పిలిచాడట కానీ ఆయన పిలుపు ఎంత, ఆ కంచె మందమెంత! పక్కన కమలాల సంచీ ఉంది. దాని పక్కన ఒలిచిన తొక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి.

ముఖం బూడిద రంగులో ఉంది. మసూయే గారిని చూసి లేవబోయాడు. లేవలేక, కూర్చున్నచోటే తల వంచాడు.

“క్షమించాలి,” అన్నాడు. “మీకు ఇవ్వాల్సినవి. పన్నెండు తినేశాను.”

పదకొండేళ్లలో ఆయన ఇన్ని మాటలు ఒక్కసారి ఆడటం అదే మొదలు. మసూయే గారు కొడవలి కింద పెట్టి, మెట్టు మీద ఆయన ఎదురుగా కూర్చుంది.

“ఎన్ని మిగిలాయి?”

“మూడు.”

“మరి ఇవ్వండి.”

సంచీలోంచి మూడు కమలాలు తీసిచ్చాడు. ఆవిడ రెండు చేతులా అందుకుని, నుదురు నేలకి తగిలేలా వంగింది. “ఇదిగో” అని ఆయన అలవాటుగా అన్నాడు. ఆవిడ తలెత్తి నా వంక చూసింది.

“చూస్తారేం నాయనా? అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి!”

ఇంకొక్క రోజు గడిచి ఉంటే మనం మాట్లాడుకోవాల్సిన సంగతి వేరేగా ఉండేదని డాక్టరు చెప్పాడు. ఆసుపత్రి వరండాలో బెంచీ మీద మసూయే గారు ఒక కమలా ఒలిచి సగం నా చేతిలో పెట్టింది.

“ఆరో నంబరు ఇంట్లో ఒంటరిగా ఒకావిడ ఉండేది, గుర్తుందా?”

గుర్తుంది. నిద్రలోనే పోయింది.

“ఎన్నాళ్లకి తెలిసింది మనకి?”

“ఎనిమిది రోజులకి,” అన్నాను నెమ్మదిగా.

“ఆ ఎనిమిది రోజులూ నేను వాళ్లింటి ముందునుంచే బజారుకి వెళ్లొచ్చాను. పోయేటప్పుడోసారి, వచ్చేటప్పుడోసారి నిలబడి ఆవిడ అజేలియాలు చూశాను. ఈ ఏడు ఎంత బాగా పూశాయో అనుకున్నాను. పొదకి మనిషి రోజూ అక్కర్లేదు నాయనా. మనిషి లోపల ఏమైపోయినా దాని పాటికి అది పూస్తుంది. చూసేవాళ్లు బయటినుంచే చూసి వెళ్లిపోతారు.”

మే నెల. పదకొండేళ్ల కిందట. అదే వారంలో ఆవిడ వాకిట్లో పొదలు లేచిపోయాయి. ఆ రెండింటికీ సంబంధం ఉందని మా పదమూడు ఇళ్లలో ఒక్కరికీ తట్టలేదు.

“ఊరికే వెళ్లి బాగున్నారా అని తలుపు కొడితే మనవాళ్లు తీస్తారా? తియ్యరు. నామోషీ. అదే ఒక కట్ట ఆకు పుచ్చుకున్నారనుకోండి, జ్వరంతో ఉన్నా లేచి, జుట్టు దువ్వుకుని మరీ వస్తారు. రాలేదంటే లేవలేకే.”

“ఈ సంగతి మాకు ఒక్క మాట చెప్పొచ్చుగా?”

“చెబితే ఇంకేముంది? మా మీద కాపలా ఏమిటని మీకు మొహమాటం పట్టుకునేది. ‘మేం క్షేమం’ అని గుమ్మానికి అట్ట కట్టేవాళ్లు.”

నిజమే. ఇగుచి గారైతే దాన్ని గుండ్రంగా కత్తిరించి మరీ కట్టేవాడు.

“అయితే పదకొండేళ్లుగా మీరు రోజూ ఆకుకూరే తింటున్నారన్నమాట,” అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

“ఛీ!” అంది మసూయే గారు. “నాకు ఆకుకూర సయించదు. చిన్నప్పటినుంచీ వాసన పడదు. హల్వా అంటే ప్రాణం.”

ఈ సంగతంతా నేను శనివారం వీధిలో ఇంటింటికీ వెళ్లి చెప్పాను. ఊరికే వెళ్లాను కాబట్టి రెండిళ్లవాళ్లు తలుపు తియ్యలేదు.

ఆదివారం ఎనిమిదింటికి మసూయే గారు గునపంతో వాకిట్లోకి వచ్చింది. ముద్ర వేశాక మాట తప్పడం ఆవిడకి తెలీదు. అప్పటికే వీధంతా అక్కడ నిలబడి ఉంది. ఇగుచి గారు చేతికి తొడుగులు వేసుకుని, పార పట్టుకుని ముందుకి వచ్చాడు. ముందురోజే ఆసుపత్రికి వెళ్లొచ్చాడు. కంచె కత్తిరించకుండా వదిలేసినందుకు క్షమించమని మిజోబే గారు ఈయన్నే వేడుకున్నాడట. అక్కడినుంచి తిన్నగా వచ్చి ఆ కమేలియా కంచెని నడుము ఎత్తుకి నరికి, రెండు ప్రశంసాపత్రాలూ వెనక్కి తీసేసుకున్నాడు.

“మసూయే గారూ,” అన్నాడు పార మీద రెండు చేతులూ ఆనించి. “ఈ కొమాత్సునా విత్తనం ఎన్ని రోజులకి మొలుస్తుంది?”

“ఈ చలికి వారం పైనే.”

“పొదల మధ్య మొలుస్తుందా?”

“మీ పొదల మధ్య గాలే దూరదు.”

ఆయన తలూపి, వెనక్కి తిరిగి, తన ఇంటి ముందుకి వెళ్లి, ఇరవై మూడేళ్ల అజేలియాల్లో మొదటిదాని వేళ్లలోకి పార దించాడు. కళ్లనీళ్లు కారుతూనే ఉన్నాయి, పార ఆపలేదు. మసూయే గారు పక్కన నిలబడి, “ఊరుకోండి, ఒక మూల రెండు ఉండనివ్వండి, మీకు కత్తెర దురద తీరాలిగా” అంది. ఆ సాయంత్రం నేను కార్యదర్శిగా పట్నం పాలకులకి ఉత్తరం రాశాను: మా వీధికి పొదలు అక్కర్లేదు, విత్తనాలుంటే పంపగలరు. విత్తనాలకి పథకం లేదని జవాబు వచ్చింది.

ఫిబ్రవరికల్లా పధ్నాలుగు ఇళ్ల ముందూ ఆకే. ఇగుచి గారి కొమాత్సునా తాడు కట్టి కొలిచిన వరసల్లో, పైన సమంగా కత్తిరించి ఉంటుంది. అందరి దగ్గరా ఉంది కదా, ఇక ఒకరికొకరు ఇచ్చుకునే బెడద తప్పిందని నేను అనుకున్నాను. తప్పలేదు. ఇదివరకు ఒక్క ఇంటినుంచి వచ్చే ఆకు ఇప్పుడు పదమూడు ఇళ్లనుంచి వస్తోంది. కర్ర ఊతంతో ఇంటికి చేరిన మిజోబే గారు కూడా చల్లాడు. మా గుమ్మానికి ఆయనే తెచ్చి తగిలిస్తూ, “ఇదిగో. మా వాకిట్లోవి” అన్నాడు. నాత్సుయే ఆ మాటలు వీధంతా తిరిగి చెప్పింది.

మార్చిలో ఒక బుధవారం మా ఇద్దరికీ ప్రాణం విసిగి, ఆకు లేని చోట నాలుగు రోజులు ఉందామని వేడినీటి బుగ్గల ఊరికి బస్సెక్కాం. బయల్దేరిన పూట ఇగుచి గారి ఆకు అందింది. తిరుగు కానుక వచ్చాక చూసుకుందాంలే అనుకున్నాం. ఎవరికీ చెప్పలేదు.

శనివారం మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి మా ఇంటి ముందు పదమూడు ఇళ్లవాళ్లూ ఉన్నారు. అంబులెన్సు ఉంది. ఇగుచి గారు నిచ్చెన ఎక్కి మా స్నానాల గది కిటికీలో తల దూర్చి, “కాజితాని గారూ! బతికే ఉన్నారా?” అని అరుస్తున్నాడు.

“ఉన్నానండీ,” అన్నాను వీధిలోంచి.

అందరూ తిరిగి చూశారు. మసూయే గారు నడుం మీద చేతులు పెట్టుకుని ముందుకి వచ్చింది.

“ఆకు పుచ్చుకుని, తిరుగు కానుక ఇవ్వకుండా, చెప్పాపెట్టకుండా ఊరు దాటతారా? రాత్రి ఎవరికైనా కంటిమీద కునుకు పట్టిందనుకున్నారా ఇక్కడ?”

నేనూ నాత్సుయే పదమూడు ఇళ్లవాళ్లకీ విడివిడిగా పదమూడుసార్లు వంగాం. అంబులెన్సు వాళ్లకి ఇంకోసారి వంగాం. ఇంతమందిని ఇంత కంగారు పెట్టాక ఇంటింటికీ క్షమాపణ కానుక ఇవ్వక తప్పదు. మా దగ్గర వేడినీటి ఊరి బన్నుల పెట్టె ఒక్కటే ఉంది.

అందుకని మర్నాడు పొద్దున్నే మళ్లీ అదే ఊరికి, మిగతా పన్నెండు పెట్టెల కోసం బస్సెక్కాం. ఈసారి ఇంటింటికీ చెప్పి బయల్దేరాం. పదమూడు ఇళ్లవాళ్లూ బస్టాపు దాకా వచ్చి, దారిలో తినమని తలా ఒక కట్ట కొమాత్సునా చేతిలో పెట్టి సాగనంపారు.